మడత టాపు కారులో వాననీటి దారులు: ఒక సమీక్ష

కన్వర్టిబుల్ అని పిలిచే మడత టాపు కారులో వాన వెలిసిన మరునాడు కాళ్ల కింది మ్యాట్టు తడిగా కనిపిస్తే, నింద ముందుగా తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ మీద, అంటే షెడ్లలో మెకానిక్కులు బీడింగు అని పిలిచే దాని మీద పడుతుంది. దాన్ని మార్చినా తడి ఆగకపోతే టాపు గుడ్డ మీద పడుతుంది. రెండూ కొత్తవి వేసిన తరువాత కూడా మ్యాట్టు మళ్లీ తడిస్తే అప్పుడు గాని అసలు నీరు ఏ దారిన వచ్చిందన్న ప్రశ్న పుట్టదు. ఈ సమస్య గురించి తయారీ సంస్థల సర్వీసు పుస్తకాలు చెప్పేదాన్నీ, టాపులు కుట్టేవారు చెప్పేదాన్నీ, రబ్బరు సామాను అమ్మేవారు చెప్పేదాన్నీ, పాత కార్లను సొంతంగా బాగుచేసుకునే ఔత్సాహికులు చెప్పేదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరి పనిని బట్టి వారు కారణం చెబుతున్నారని తేలుతుంది. వీటన్నిటినీ పరిశీలించిన మీదట నిలబడే మాట ఒకటి ఉంది: మడత టాపు కారును నీరు చొరని డబ్బాలా కట్టరు, కొంత నీటిని లోపలి గాడుల్లోకి రానిచ్చి తూముల గుండా నేల మీదికి వదిలేలా కడతారు, కాబట్టి కారే చోటును పూడ్చడం కన్నా నీరు పోయే దారిని తెరవడం ముందు చేయవలసిన పని. తెలుగులో కారు అంటే వానాకాలమన్న అర్థం కూడా ఉండటం, కారడం అనే క్రియ దాని పక్కనే వినిపించడం యాదృచ్ఛికమే గాని, ఈ బండ్ల యజమానులకు ఆ మూడు అర్థాలూ ఒకే రోజున అనుభవంలోకి వస్తాయి.

మామూలు కారులో పైకప్పు రేకు మిగతా బాడీతో కలిపి వెల్డు చేసి ఉంటుంది, తలుపు అద్దం చుట్టూ ఇనుప చట్రం ఉంటుంది, తలుపు మూసినప్పుడు ఆ చట్రం బీడింగును చుట్టూ ఇంచుమించు ఒకే తీరుగా నొక్కుతుంది. మడత టాపు కారులో టాపు ముందు అంచు ముందు అద్దపు చట్రం మీద కేవలం కొక్కేల బిగువుతో ఆని ఉంటుంది. తలుపు అద్దానికి చట్రం లేనందువల్ల అద్దపు అంచే నేరుగా వెళ్లి టాపు పక్క రబ్బరుకు తగలాలి. వెనుక అంచు బాడీకి బిగించి ఉన్నా, దాని కింద టాపు మడిచి పెట్టుకునే గుంత ఒకటి ఉంటుంది. పైగా పైకప్పు లేని బాడీకి బిగువు తక్కువ కాబట్టి, ఒక చక్రాన్ని కాలిబాట గట్టు మీద ఎక్కించి నిలిపితే తలుపు సందు కొన్ని కార్లలో కంటికి కనిపించేంత మారుతుంది. అందుకే సర్దుబాట్లన్నీ బండి సమతలం మీద, తన నాలుగు చక్రాల మీద నిలిచి ఉండగానే చేయాలని అనుభవజ్ఞులు పట్టుబడతారు. ఇక నీటి పరిమాణం సంగతి చూస్తే, చిన్న రెండు సీట్ల కారు టాపు విస్తీర్ణం ఒకటిన్నర చదరపు మీటర్లు అనుకున్నా, గంటకు 50 మిల్లీమీటర్ల జోరువానలో దాని మీద గంటకు 75 లీటర్ల నీరు పడుతుంది, అంటే అందులో వందో వంతు దారి తప్పినా ముప్పావు లీటరు నీరు లోపలికి చేరుతుంది.

నీరు పల్లానికే పోతుందన్న నానుడి ఇక్కడ సగమే నిజం. సన్నని సందుల్లో నీరు తన తలతన్యత వల్ల, అంటే ఉపరితలం సాగదీసిన పొరలా ప్రవర్తించే గుణం వల్ల, పైకి కూడా పాకుతుంది. దీన్ని కేశాకర్షణ అంటారు. అర మిల్లీమీటరు ఎడంతో నిలబెట్టిన రెండు శుభ్రమైన గాజు పలకల నడుమ నీరు దాదాపు 3 సెంటీమీటర్లు ఎక్కగలదు. రబ్బరు నీటిని కొంత తోసివేస్తుంది గనుక బీడింగు దగ్గర అంత ఎత్తు ఎక్కకపోవచ్చు గాని, దాని మీద దుమ్ము పేరుకున్నప్పుడు ఆ దుమ్మే వత్తిలా పనిచేసి నీటిని లోపలికి లాగుతుంది. గాలి ప్రభావం దీనికి తోడవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలి ఎదురుగా తగిలి ఆగిపోయే చోట సుమారు 460 పాస్కల్‌ల ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి నీటి మట్టాన్ని ఇంచుమించు 4.7 సెంటీమీటర్లు పైకి నెట్టగలదు. అదే సమయంలో టాపు మీదుగా వేగంగా జారే గాలి అక్కడ ఒత్తిడిని తగ్గించడం వల్ల గుడ్డ బుడగలా పైకి ఉబ్బి, అంచుల దగ్గర రబ్బరు మీద ఉన్న బరువు సడలుతుంది. నిలిపి ఉంచినప్పుడు కారని కారు హైవే మీద కారడానికీ, కొన్ని కార్లు నిలిచి ఉన్నప్పుడే కారి నడుస్తున్నప్పుడు కారకపోవడానికీ కారణం ఈ బలాల పాళ్లు మారడమే, కాబట్టి ఏ స్థితిలో కారుతోందని అడగడం రోగ నిర్ధారణలో మొదటి ప్రశ్న కావాలి.

బీడింగు విషయానికి వస్తే, నేటి కార్లలో దాదాపు అంతటా వాడేది ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. సహజ రబ్బరు ఎండలోని అతినీలలోహిత కిరణాలకూ, గాలిలోని ఓజోనుకూ పగుళ్లు తీస్తుంది. ఈపీడీఎం అణువు ప్రధాన గొలుసులో ఓజోను పట్టి తెంచగల ద్విబంధాలు లేనందువల్ల అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. బీడింగులో రెండు భాగాలు ఉంటాయి: రేకు అంచును గట్టిగా పట్టుకునే, లోపల లోహపు పట్టీ ఉన్న గట్టి భాగం ఒకటి, మూసినప్పుడు నలిగి సందును నింపే స్పాంజి లాంటి బోలు గొట్టం ఇంకొకటి. ఈ స్పాంజికి వచ్చే అసలు జబ్బు పగుళ్లు కాదు, కంప్రెషన్ సెట్. నొక్కి ఉంచిన రబ్బరు, ఒత్తిడి తీసిన తరువాత కూడా పూర్తిగా పూర్వపు మందానికి రాకపోవడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ప్రయోగశాలల్లో దీన్ని కొలిచేందుకు ముక్కను సాధారణంగా 25 శాతం నొక్కి, 70 డిగ్రీల వేడిలో 22 గంటలు ఉంచి, వదిలాక ఎంత కోలుకుందో చూస్తారు. మే నెల ఎండలో మూసి నిలిపిన నల్ల కారు తలుపు అంచున రబ్బరు రోజూ ఎదుర్కొనే పరీక్ష దాదాపు ఇలాంటిదే. కంటికి నిగనిగలాడుతున్న బీడింగు కూడా మందం కోల్పోయి ఉండవచ్చు గనుక, సన్నని కాగితపు పట్టీని అద్దానికీ రబ్బరుకూ నడుమ పెట్టి, తలుపు మూసి, మెల్లగా లాగి చూసే పాత పద్ధతి ఇప్పటికీ చవకైనదీ నమ్మదగినదీ: బిగువుగా వస్తే రబ్బరు ఆనుతున్నట్టు, జారిపోతే అక్కడ ఖాళీ ఉన్నట్టు.

అయినా ఈ రంగంలో పోగుపడిన అనుభవాన్ని చూస్తే, కేసుల్లో పెద్ద భాగం రబ్బరు దగ్గర కాక తూముల దగ్గర తేలుతోంది. ఈ విషయానికి మాజ్డా ఎంఎక్స్-5 కన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి ప్రదర్శించిన ఈ రెండు సీట్ల కారు 2016 నాటికి 10 లక్షలకు పైగా తయారైంది, అందువల్ల దాని జబ్బులన్నీ బాగా నమోదయ్యాయి. తొలి రెండు తరాల ఎంఎక్స్-5లో టాపు వెనుక అంచు కింద ఒక గాడి పట్టీ ఉంటుంది. టాపు మీది నుంచి జారి అంచు దాటి లోపలికి వచ్చే నీటిని పట్టుకుని రెండు పక్కలకూ నడిపించడం దాని పని. అక్కడి నుంచి సీట్ల వెనుక, సీటు బెల్టు స్తంభాల దగ్గర ఉన్న రెండు తూముల గుండా నీరు వెనుక చక్రాలకు ముందు నేల మీద పడుతుంది. ఆకులు, దుమ్ము, పూల రేకులు ఆ తూముల్లో చేరి బురదగా గట్టిపడితే, గాడి నిండి అలుగు పారినట్టు నీరు లోపలి కార్పెట్టు మీదికి పొర్లుతుంది. కొంత నీరు గడప కింది బోలు దూలంలోకి చేరి, బయటికి ఏమీ కనపడకుండానే ఏళ్ల తరబడి దాన్ని లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. చెరువు తూము పూడుకుపోతే గట్టు ఎంత గట్టిదైనా తెగుతుందని తెలిసిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. గాడి పట్టీయే చిరిగినా, టాపు మార్చినప్పుడు దాన్ని సరిగా కూర్చోబెట్టకపోయినా ఇదే ఫలితం వస్తుంది, కానీ అప్పుడు నీరు ఎక్కువగా సీట్ల వెనుక గట్టు మీద గాని, డిక్కీలో గాని కనిపిస్తుంది. ఆ తరాల్లో బ్యాటరీ డిక్కీలోనే ఉండటం వల్ల ఆ తడి వల్ల నష్టం మరింత ఎక్కువ.

అదే సూత్రం ఖరీదైన కార్లలో మరింత ఖరీదైన ఫలితాలనిస్తుంది. 1996లో వచ్చిన తొలి తరం పోర్షే బాక్స్‌టర్‌లో టాపు తూములు పూడితే నీరు సీటు కింద ఉన్న ఇమ్మొబిలైజరు నియంత్రణ పెట్టెను, అంటే తాళం చెవిని గుర్తించి ఇంజన్‌కు అనుమతి ఇచ్చే విద్యుత్ భాగాన్ని తడుపుతుంది, దాంతో బండి అసలు కదలదు. 2000ల తొలినాళ్ల బీఎండబ్ల్యూ జెడ్4 మొదటి తరంలో టాపును లేపి దించే హైడ్రాలిక్ మోటారును టాపు మడతపడే గుంత మూలలోనే అమర్చారు. ఆ మూల తూము పూడినప్పుడు మోటారు మునిగి పాడవుతుంది, అందుకే చాలామంది బాగుచేసేవారు కొత్త మోటారును డిక్కీలోకి మార్చి బిగిస్తారు. ఒక వేపచెట్టు నీడ పూతకాలంలో ఎంత ఖర్చు తేగలదో దీన్ని బట్టి ఊహించవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో మడత టాపు కార్లు అరుదే అయినా, సన్‌రూఫ్ ఉన్న కార్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి, వాటికీ ఇదే శాస్త్రం వర్తిస్తుంది: సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉన్న రబ్బరు దాటి వచ్చే నీటిని ఒక పళ్లెం పట్టుకుంటుంది, పళ్లెం మూలల నుంచి సన్నని గొట్టాలు స్తంభాల లోపలి నుంచి కిందికి దిగుతాయి, అవి పూడితే సీలింగు గుడ్డ మీద మరకలు పడతాయి. తూము శుభ్రం చేయడానికి సైకిలు బ్రేకు తీగ లాంటి వంగే తీగను మొన మొద్దు చేసి, మెల్లగా తిప్పుతూ దింపి, తరువాత కొద్ది కొద్దిగా నీరు పోసి కింద పడుతోందో లేదో చూడాలి. కంప్రెసరు గాలిని జోరుగా కొట్టడం తేలికగా కనిపించినా, లోపలి గొట్టం అతుకు దగ్గర ఊడితే నీరు ఇక శాశ్వతంగా బాడీ లోపలే పడుతుంది గనుక ఆ పద్ధతిని జాగ్రత్తపరులు వద్దంటారు.

తూములు తెరిచి ఉండగానే నీరు వస్తుంటే, అనుమానించవలసిన తరువాతి చోటు ముందు మూల. ముందు అద్దం నిలువు స్తంభం రబ్బరు, టాపు ముందు అంచు రబ్బరు, తలుపు అద్దం ముందు కొస, ఈ మూడూ కలిసే చోట ఒక ముక్కోణపు సందు ఏర్పడుతుంది. మూడు వేర్వేరు భాగాల కొలతలు ఒకే బిందువు దగ్గర కుదరాలి కాబట్టి, ఏ ఒక్కటి రెండు మిల్లీమీటర్లు తప్పినా నీటిచుక్క నడిపేవారి మోకాలి మీద పడుతుంది. ఇక్కడ రబ్బరు అమ్మేవారికీ సర్దుబాటు తెలిసిన మెకానిక్కులకూ అభిప్రాయభేదం ఉంది: మొదటివారు మూల ముక్కను మార్చమంటారు, రెండోవారు ముందు కొక్కేల బిగువునూ అద్దం వాలునూ చూడమంటారు. సాక్ష్యం ఎక్కువగా రెండోవారి పక్షానే ఉంది, ఎందుకంటే చట్రం లేని అద్దానికి ఎత్తు, ముందువెనుకల స్థానం, లోపలికి వాలే కోణం అనే మూడు సర్దుబాట్లు తలుపు లోపలే ఉంటాయి, ఏళ్ల తరబడి తలుపు దభాలున వేయడం వల్ల అవి జరుగుతాయి. ఎంఎక్స్-5 లాంటి కార్లలో కొక్కెం పొడవును మర తిప్పి మార్చుకునే వీలూ ఉంది. అయితే కొక్కేన్ని అతిగా బిగించడం ముందు రబ్బరును త్వరగా నలిపేస్తుందని, ఒక చుట్టుకు మించకుండా తిప్పి పరీక్షించడం మంచిదని గుర్తుంచుకోవాలి. అద్దం తలుపు తెరవగానే ఒక సెంటీమీటరు దిగి, మూయగానే తిరిగి పైకి లేచే ఏర్పాటు ఉన్న కార్లలో, బ్యాటరీ తీసి పెట్టిన తరువాత ఆ అద్దం తన పై హద్దును మరిచిపోతుంది; మళ్లీ దానికి హద్దు నేర్పే చిన్న పని మరచిపోవడం వల్ల, బ్యాటరీ మార్చిన వారమే కారడం మొదలైన కార్లు తక్కువేమీ కాదు.

తలుపు కింది నుంచి వచ్చే తడికి బీడింగుతో సంబంధమే లేకపోవడం ఈ అంశంలో బాగా విస్మరించిన సంగతి. అద్దం దిగే చీలిక గుండా వాన తలుపు లోపలికి చేరడం ప్రతి కారులోనూ మామూలే; ఆ నీరు లోపలి రేకు మీదుగా కిందికి జారి, తలుపు అడుగున ఉన్న రంధ్రాల నుంచి బయటికి పోతుంది; అది కేబిన్ వైపు రాకుండా తలుపు లోపలి ప్యాడ్ వెనుక ఒక పలుచని పొరను, ఎప్పటికీ ఎండని బ్యూటైల్ అనే నల్లని జిగురు పట్టీతో అంటించి ఉంచుతారు. స్పీకర్లు మార్చే దుకాణంలో ఆ పొరను కోసి, తిరిగి అంటించకుండా ప్యాడ్ బిగిస్తే, తరువాతి వానకే గడప మీదుగా నీరు లోపలికి వస్తుంది, యజమాని బీడింగు కొనడానికి బయలుదేరతాడు. రెండు వందల రూపాయల బ్యూటైల్ పట్టీతో తీరే పనికి వేలు ఖర్చు చేయించడంలో ఈ పొరకు సాటి లేదు. ఏసీ నీటిని కూడా ఇక్కడే వేరు చేసి చూడాలి: కోస్తా ఉక్కపోతలో ఏసీ లోపలి చల్లని పలకల మీద గాలిలోని తేమ నీరై, ఒక గొట్టం గుండా కిందికి పోవాలి, ఆ గొట్టం మూసుకుంటే వాన లేని రోజున కూడా ముందు సీటు కింద నీరు చేరుతుంది, దాన్ని వాన కారడంగా పొరబడటం తేలిక.

టాపు గుడ్డ దోషి అన్న వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం గాని, దాని పరిధి చిన్నది. అమెరికాలో హార్ట్జ్ సంస్థ స్టేఫాస్ట్ పేరుతో అమ్మే గుడ్డ లాంటి మంచి రకాల్లో పైన యాక్రిలిక్ నేత, నడుమ రబ్బరు పొర, లోపల మరో నేత ఉంటాయి; నీటిని ఆపేది నడిమి పొర గనుక పై నేత తడిసి ముద్దయినా నీరు లోపలికి దిగదు. పై నేతకు నీరు అంటకుండా కొట్టే స్ప్రేలు గుడ్డను త్వరగా ఆరనిస్తాయి, పాచి పట్టకుండా చూస్తాయి, కానీ కారడాన్ని ఆపుతాయని ఆశించకూడదు. నీరు దిగేది కుట్టు రంధ్రాల దగ్గర, వెనుక అద్దాన్ని గుడ్డకు అంటించిన చోట, పక్క అంచులో గుడ్డను చట్రానికి లాగి పట్టే తీగ తెగిన చోట. వినైలు టాపులు ఎండకు కుంచించుకుపోయి ముందు అంచును వెనక్కి లాగుతాయి, కొత్త టాపు కొన్ని వారాలు సాగి కుదురుకునే దాకా కొక్కేలు వేయడం కష్టంగా ఉంటుంది. రేకు టాపునే మడిచే కార్లతో ఈ బాధ తీరుతుందనుకోవడం కూడా తొందరపాటే. 1934లో ప్యూజో ఎక్లిప్స్‌తో మొదలై, 1957 ఫోర్డ్ స్కైలైనర్, 1996 మెర్సిడెస్ ఎస్ఎల్‌కేల మీదుగా విస్తరించిన ఆ పద్ధతిలో గుడ్డ కుట్లు పోయినా, టాపు ముక్కల నడుమ కొత్త అతుకులు, వాటికి కొత్త రబ్బర్లు వచ్చి చేరాయి.

నిర్ధారణకు నిలకడగా పనికివచ్చేది నీటిగొట్టం పరీక్షే. ఒకరు పొడిగా తుడిచిన కారు లోపల టార్చితో కూర్చోవాలి, మరొకరు బయట తక్కువ ధారతో, కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో భాగం మీద కొన్ని నిమిషాలు నీరు వదులుతూ పైకి రావాలి. పై నుంచి మొదలుపెడితే జారే నీరు అన్ని చోట్లనూ ఒకేసారి తడిపి అనుమానాన్ని పెంచుతుంది. లోపల కనిపించిన చుక్క దగ్గరే రంధ్రం ఉందనుకోవడం పెద్ద పొరపాటు: పెంకుటింట్లో పెంకు ఒకచోట పగిలితే నీరు వాసం వెంట జారి మరోచోట పడినట్టే, టాపు కమ్మీల వెంట నీరు మూర దూరం ప్రయాణించగలదు. రబ్బరు మీద టాల్కం పౌడరు చల్లి తలుపు మూసి తెరిస్తే పొడి అంటని చోటు తెలుస్తుంది. ఫ్యాను పూర్తి వేగంతో నడిపి, అద్దాలు మూసి, బయటి అంచుల మీద సబ్బు నీరు రాస్తే బుడగలు గాలి పోయే సందును చూపుతాయి. పీడనంతో కొట్టే వాషింగు యంత్రంతో పరీక్షించడం మంచి రబ్బరును కూడా కారేలా చేస్తుంది, కాబట్టి దాని ఫలితం దేన్నీ రుజువు చేయదు.

మరమ్మతు పదార్థాల విషయంలో మూడు వివాదాలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. మందం తగ్గిన బీడింగు వెనుక పలుచని ఫోము పట్టీ దూర్చి ఎత్తు పెంచడాన్ని కొందరు మోసమంటారు, కానీ మూల ముక్కలు దొరకని పాత మోడళ్లలో, తలుపు మూయడం మరీ బిగువు కానంత వరకు, అది సమర్థనీయమే. సిలికాన్ సీలెంటు పూయడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. వెనిగర్ వాసన వచ్చే రకాలు గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదిలి రేకును తినేస్తాయి, గాడిలోకి జారితే నీటి దారినే మూస్తాయి, తరువాత అక్కడ రంగు గాని మరో జిగురు గాని పట్టదు. మూడోది రబ్బరుకు పూత: పెట్రోలియం జెల్లీ, నూనెలు ఈపీడీఎంను ఉబ్బించి మెత్తబరుస్తాయి గనుక సిలికాన్ ఆధారిత గ్రీజు పలుచగా రాయడమే సరైనదని రసాయన శాస్త్రం చెబుతుంది, అయినా వేజలీన్ అలవాటు పోలేదు. మీటరు లెక్కన అమ్మే బీడింగు తలుపు నిడివికి సరిపోవచ్చు, కానీ దాని అడ్డుకోత ఆకారం, మెత్తదనం అసలుదానితో కలవకపోతే ప్రయోజనం లేదు. వేయక తప్పనప్పుడు అతుకును పైన కాక అడుగున వచ్చేలా చూడటం కనీస జాగ్రత్త.

బాగుచేసిన తరువాత ఆరబెట్టడం మీద ఎవరూ ఎక్కువగా రాయరు, నిజానికి సగం పని అదే. కార్పెట్టు పైన పొడిగా అనిపించినా దాని కింద ఉన్న మందపాటి ఫోము లీటర్ల నీటిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. సీట్లు విప్పి, కార్పెట్టు ఎత్తి, ఫోమును విడిగా ఎండలో పెట్టకపోతే బూజు వాసన పోదు, కొత్తగా చేసిన మరమ్మతు పనిచేసిందో లేదో కూడా తెలియదు, ఎందుకంటే పాత తడి కొత్త లీకుగా కనిపిస్తుంది. ఈ చిక్కుకు మరో కొస నుంచి వచ్చిన జవాబు జీపు సంప్రదాయంలో ఉంది. కాన్వాసు హుడ్డుతో తిరిగిన మహీంద్రా జీపుల్లో వాన లోపలికి రావడం లోపంగా ఎవరూ లెక్కించలేదు. ఆ వంశంలోనే 2020లో వచ్చిన రెండో తరం థార్‌కు మడత సాఫ్ట్ టాపు ఒక ఎంపికగా ఇచ్చినప్పుడు, నేలకు అడుగున బిరడాలు కూడా పెట్టారు, వాటిని ఊడదీస్తే లోపలికి చేరిన నీరు నేరుగా రోడ్డు మీదికి పోతుంది.